బెర్తా బెంజ్: తొలి మోటారు ప్రయాణము

జర్మనీ దేశమందలి ఫోర్జ్‌హైమ్ పట్టణమున 1849 మే 3వ తేదీన, కలిగినవాడగు ఒక వడ్రంగి మేస్త్రి యింట బెర్తా రింగర్ జన్మించెను. ఆమె వరించిన కార్ల్ బెంజ్‌కు బుద్ధిబలమున్నంత ధనబలము లేదు. మాన్‌హైమ్‌లో నాతడు నెలకొల్పిన కర్మశాలయందు పొత్తుదారుతో పొసగకపోగా, బెర్తా పెండ్లికి మున్నే తన కట్నపు సొమ్ము నిచ్చి ఆ పొత్తుదారు భాగమును కొనిపించెను. 1872లో వారికి వివాహమయ్యెను.

1886 జనవరి 29న కార్ల్ తన మూడు చక్రముల మోటారు బండికి పేటెంటు కోరెను. ఆ పత్రమున బెర్తా పేరు లేదు. ఆమె సొమ్ము మాత్రము బండియం దంతటను కలదు. అయినను కొనువారు కానరారైరి. కార్ల్ సంకోచస్వభావుడు. మార్పులపై మార్పులు చేయుచు బండిని దగ్గరి వీథులందే త్రిప్పి చూచుచుండెను. దొడ్డిలో చురుకుగా తిరుగు ఎద్దు దూరపు బాటలో నెట్లు నడచునో బాటపైనే గాని తెలియదు గదా!

1888 ఆగస్టు మాసమున నొకనాటి వేకువను బెర్తా, భర్తకు తెలుపకయే, 15 ఏండ్ల ఓయిగెన్, 13 ఏండ్ల రిచర్డ్ అను కుమారులతో బండి నెక్కి పుట్టినింటికి బయలుదేరెను. దూరము 100 కిలోమీటర్లకు పైమాట. అంతవరకు మోటారు బండిపై నంత దూరము పోయినవారు లేరు. దారిలో బండి చెడినచో బాగుచేయువారును లేరు.

అట్టి యంత్రము నిలిచిపోయినచో ముఖ్యముగా రెండు విషయములు చూడవలెను: ఇంధనము చేరుచున్నదా, విద్యుత్తు రవ్వ పుట్టుచున్నదా? ఒకచోట ఇంధనపు గొట్టము పూడిపోగా, బెర్తా తన టోపీకి గ్రుచ్చుకొను పొడవాటి సూదితో దానిని శుభ్రపరచెను. రవ్వ నిచ్చు తీగపై కప్పు అరిగిపోగా, మేజోడు జారకుండ కట్టుకొను పట్టీని తీసి దానికి చుట్టెను. యంత్రపు వేడికి నీరు ఆవిరియై పోవుచుండుటచే బావులవద్దను వాగులవద్దను మాటిమాటికి నీరు నింపవలసివచ్చెను. ఇంధనము తరిగినప్పుడు వీస్లోఖ్ పట్టణమున మందుల దుకాణమునుండి, బట్టల మరకలు తీయుటకు వాడెడి లిగ్రాయిన్ అను ద్రవమును కొనెను. సాగిన గొలుసును కమ్మరి సరిచేసెను.

ఈ చిక్కులన్నియు దారిలోనే తీరినవి. ఎత్తు దారులమాట అట్లు కాదు. బండికి గల రెండు వేగములును ఎత్తెక్కుటకు చాలక, పిల్లలు దిగి త్రోయవలసివచ్చెను. దిగుడులో చెక్కదిమ్మల బ్రేకులు అరిగిపోయెను. బెర్తా చెప్పులు కుట్టువానిచే వాటికి తోలు కుట్టించెను. బ్రేకులకు తోలు తాపుట కదియే నాంది యందురు.

పొద్దుగ్రుంకిన పిదప ఫోర్జ్‌హైమ్ చేరి భర్తకు తంతి పంపెను. కొన్ని దినములకు బండిపైననే తిరిగివచ్చి, ఎత్తులెక్కుటకు మరియొక గేరు కావలెనని తెలిపెను. కార్ల్ దానిని అమర్చెను. కర్మశాలలో ఏండ్ల తరబడి బయటపడని లోపములు ఆ ప్రయాణముతో బయటపడినవి. ఆ యేటనే మ్యూనిక్ ప్రదర్శనమున ఆ బండికి బంగారు పతకము లభించెను.

కార్ల్ 1929లో గతించెను. బెర్తా 95 ఏండ్లు నిండిన రెండవనాడు, 1944 మే 5న, లాడెన్‌బర్గ్‌లో కన్నుమూసెను. ఆమె పయనించిన బాట 2008లో ఆమె పేర స్మారకమార్గమయ్యెను. వీస్లోఖ్‌లోని ఆ మందుల దుకాణము లోకమున తొలి పెట్రోలు బంకుగా పేరొందినది.