నలభై నాలుగేళ్లకు మంచాన... అరవై ఐదేళ్లకు ఒలింపిక్స్‌లో

నలభై దాటిన ఉద్యోగుల నోట రెండు మాటలు తరచూ వింటుంటాం. ఈ వయసులో ఇంకేం వ్యాయామమని కొందరంటారు. ఉద్యోగం మానితే తప్ప ఒంటిని పట్టించుకోలేమని ఇంకొందరంటారు. రెంటికీ జవాబు పెర్సీ సెరుట్టీ జీవితంలో దొరుకుతుంది. పరుగు పందేల చరిత్రలో పేరుమోసిన ఈ ఆస్ట్రేలియా కోచ్, నడివయసు దాకా తపాలా శాఖలో మామూలు ఉద్యోగి.

ఆయన 1895లో మెల్‌బోర్న్‌ శివారు ప్రహ్రాన్‌లో పుట్టారు. చిన్నతనంలోనే న్యుమోనియా బారిన పడ్డారు. కుర్రతనంలో పరుగు పందేల్లో పాల్గొన్నా ఒళ్లు సహకరించక మానుకున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉద్యోగం, సంసారమే లోకం. 1939లో శరీరం, మనసు రెండూ ఒక్కసారిగా కుప్పకూలాయి. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. ఆఫీసుకు ఆరు నెలల సెలవు పెట్టాల్సి వచ్చింది.

ఆ సెలవే ఆయన బతుకును మలుపు తిప్పింది. ఆరోగ్యం గురించిన పుస్తకాలు చదివారు. తిండి మార్చారు. ఓట్స్, పండ్లు, గింజలు ఎక్కువగా తీసుకున్నారు. ఈత కొట్టారు, బరువులెత్తారు, మెల్లగా మళ్లీ పరుగు మొదలుపెట్టారు. 1942లో, నలభై ఏడో ఏట, కుర్రప్పుడు వదిలేసిన క్లబ్బు తలుపు మళ్లీ తట్టారు. యాభై దాటాక మారథాన్ కూడా పరిగెత్తారు. చివరికి ఉద్యోగం వదిలి, మెల్‌బోర్న్‌కు దక్షిణాన పోర్ట్‌సీ అనే సముద్రతీర గ్రామంలో శిక్షణ శిబిరం నడిపారు.

అక్కడ స్టేడియం లేదు. ఇసుక దిబ్బలే ట్రాక్. కాళ్లు కూరుకుపోయే ఇసుకలో ఎత్తుకు పరిగెత్తడం వల్ల పిక్కలకు, తొడలకు, గుండెకు గట్టి కసరత్తు అవుతుంది. శిష్యులతో పాటు తానూ ఆ దిబ్బలు ఎక్కేవారు. ఆ శిష్యుల్లో ఒకడు హెర్బ్ ఇలియట్. 1958లో మైలు పరుగులో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్లను 3 నిమిషాల 35.6 సెకన్లలో ముగించి, మరో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. ఆ రోజు స్టేడియంలో ఉన్న గురువు వయసు అరవై ఐదు.

ఈ కథలో గమనించాల్సింది వరుస. ఆయన ముందు ఉద్యోగం మానేసి తర్వాత ఆరోగ్యం వెతుక్కోలేదు. ముందు ఒళ్లు బాగుచేసుకున్నారు, అందుకు ఏళ్లు పట్టింది. ఆటే జీవనమైంది ఆ తర్వాతే. రాజీనామా చేయాలన్న ఆలోచన ఉన్నవారైనా, లేనివారైనా మొదలుపెట్టాల్సింది ఒక్కచోటే. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు. దానికి ఉద్యోగం అడ్డు కాదు.

అలాగని ఆయన చెప్పినవన్నీ పాటించమని డాక్టరుగా నేను అనను. ఆ శిక్షణ చాలా కఠినం. ఆహారం గురించి ఆయన నమ్మకాలన్నిటికీ శాస్త్రం దన్ను లేదు. బీపీ, షుగరు ఉన్నవారు, నడిస్తే ఛాతీలో బరువుగా అనిపించేవారు, చాలాకాలంగా కదలిక లేనివారు ముందుగా పరీక్ష చేయించుకోవాలి. వాడుతున్న మందులు సొంతంగా ఆపకూడదు.

సెరుట్టీ 1975లో, ఎనభయ్యో ఏట, పోర్ట్‌సీలోనే కన్నుమూశారు. కండరాలను కదిలించే నరాలను క్షీణింపజేసే మోటార్ న్యూరాన్ వ్యాధి ఆయన్ను తీసుకుపోయింది. వ్యాయామం అన్ని జబ్బులనూ ఆపలేదు. కానీ నలభై నాలుగేళ్లకే ముగిసిందనుకున్న జీవితానికి ఇంకో ముప్ఫై ఆరేళ్లు తోడయ్యాయి. ఆయన పేరు మనకు తెలిసింది ఆ ముప్ఫై ఆరేళ్ల వల్లే.