రెండు నెగెటివ్‌లు, ఒక్క ఫోటో: హెచ్‌డీఆర్‌కు ముందే దారి చూపిన గుస్తావ్ లె గ్రే

మసీదు మినార్ల వెనక సూర్యుడు దిగుతుంటే ఫోటో తీస్తే రెండు తిప్పలు. ఆకాశం బాగా వస్తే మినార్లు నల్లగా పడతాయి. మినార్లు కనిపిస్తే ఆకాశం తెల్ల కాగితంలా అయిపోతుంది. ఇప్పుడు ఫోన్‌లో హెచ్‌డీఆర్ నొక్కితే వేర్వేరు వెలుతురుల్లో తీసిన ఫోటోలను కలిపి అదే సరిచేస్తుంది. ఇదే తిప్పను 1850ల్లోనే చేత్తో తీర్చిన మనిషి గుస్తావ్ లె గ్రే.

ఆయన 1820లో పారిస్ దగ్గరి విలియే-ల-బెల్‌లో పుట్టారు. మొదట చిత్రకారుడు. పాల్ దెలారోష్ దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకుని ఇటలీ వెళ్లారు, అక్కడే పెళ్లి చేసుకున్నారు. పారిస్ తిరిగొచ్చాక అప్పటికి కొత్తదైన ఫోటోగ్రఫీలో పడ్డారు. కాగితం నెగెటివ్‌కు ముందే మైనం పట్టించే పద్ధతిని తెచ్చారు. దాంతో కాగితాలను ఇంట్లోనే సిద్ధం చేసుకుని ప్రయాణంలో వాడుకోవచ్చు. చాలామందికి ఆయన ఉస్తాద్ అయ్యారు.

1851లో ఫ్రాన్స్ ప్రభుత్వం పాత కట్టడాలను ఫోటో తీయడానికి ఐదుగురిని పంపింది. అందులో లె గ్రే ఒకరు. మువస్సాక్ మఠం లాంటి చోట ఆయనకు ఎదురైన చిక్కు నేటికీ కట్టడాల ఫోటోగ్రాఫర్లకు తెలిసిందే: మధ్య ముంగిలిలో మండే ఎండ, చుట్టూ స్తంభాల వెనక చీకటి. ఆ ఫోటోలను ప్రభుత్వం అచ్చు వేయించకుండా పక్కన పెట్టేసింది.

ఆయన పేరు మోగింది మాత్రం సముద్రంతో. 1856 నుంచి నార్మండీ తీరంలో, తర్వాత మధ్యధరా తీరంలోని సెత్‌లో అలలను, మబ్బులను తీశారు. అప్పటి గాజు నెగెటివ్‌ల రసాయనానికి నీలి కాంతి అంటే చాలా చురుకు. సముద్రం సరిగ్గా పడేదాకా ఆగితే ఆకాశం మొత్తం తెల్లబోయేది, మబ్బులు మాయం. అందుకని కొన్ని ఫోటోలకు లె గ్రే ఆకాశానికి ఒక నెగెటివ్, నీటికి ఇంకో నెగెటివ్ తీశారు. ఒక సగాన్ని కప్పి రెండో సగాన్ని, ఆ తర్వాత దీన్ని కప్పి దాన్ని ఒకే కాగితం మీద అచ్చు వేసేవారు. అతుకు సరిగ్గా క్షితిజ రేఖ మీద పడేది.

అసలు పనితనం ఇక్కడే ఉంది. ఒకే మబ్బుల నెగెటివ్‌ను ఆయన ఒకటికంటే ఎక్కువ సముద్రాలకు వాడారు. అయినా చూసేవాళ్లు నమ్మారు. ఎందుకంటే నీటి మీది మెరుపు, మబ్బుల మీది మెరుపు ఒకే వైపు నుంచి వచ్చినట్టు ఉండేవి. చీకటిని తుడిచేయలేదు కూడా. కొన్ని ఫోటోలు ఎంత ముదురుగా ఉండేవంటే పగలు తీసినవాటిని జనం వెన్నెల అనుకున్నారు.

పేరు వచ్చింది గానీ గల్లా పెట్టె నిండలేదు. పారిస్‌లోని కాపుసీన్ బులెవార్డులో ఖరీదైన స్టూడియో పెట్టారు. అదే సమయంలో విజిటింగ్ కార్డు సైజు చవక ఫోటోల మోజు మొదలైంది. లె గ్రే పెద్ద సైజు పనినే పట్టుకున్నారు. ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. 1860లో కంపెనీ మూతపడింది.

భార్యాపిల్లలను వదిలి అదే ఏడాది రచయిత అలెగ్జాండర్ ద్యూమా ఓడ ఎక్కారు. పలెర్మోలో గరిబాల్డీ ఫోటో తీశారు. తగవు వచ్చి ద్యూమా ఆయన్ను మాల్టాలో దింపేసి వెళ్లిపోయారు. అక్కడి నుంచి లెబనాన్‌కు వెళ్లి బాల్‌బెక్ శిథిలాలను తీశారు. చివరికి ఈజిప్టు చేరారు. కైరోలో విద్యార్థులకు బొమ్మలు వేయడం నేర్పుతూ, ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ పాషా కోసం ఫోటోలు తీస్తూ మిగతా జీవితం గడిపారు. మళ్లీ ఫ్రాన్స్ ముఖం చూడలేదు. 1884లో కైరోలోనే కన్నుమూశారు. 1999లో లండన్ వేలంలో ఆయన సెత్ అల ఫోటో ఒక్కటే 5 లక్షల పౌండ్లకు పైగా పలికింది.

కట్టడాల విషయంలో హెచ్‌డీఆర్ ఇంకా కష్టం. సముద్రానికి అతుకు ఒక గీత మీదే ఉంటుంది. గుంబజులు, మినార్లు ఆకాశంలోకి పొడుచుకు వస్తాయి. మోతాదు మించితే వాటి అంచుల చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. కెమెరా కదిలితే అంచులు రెండేసి పడతాయి, మనుషులు కదిలితే నీడల్లా మిగులుతారు. ట్రైపాడ్ పెట్టి, ఒకే చోటు నుంచి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ వెలుతురుతో మూడు ఫోటోలు తీసి కలపాలి. నీడ ఉన్నచోట నీడను ఉండనివ్వాలి. లె గ్రే అల ఫోటోలో చూపు ముందు నీళ్ల మీదికి, మబ్బుల మీదికి పోతుంది. అతుకును వెతికితే తప్ప దొరకదు.