పిల్లల వార్డు తలుపు తీయించిన డాక్టర్

మన దగ్గర పసిబిడ్డను ఆస్పత్రిలో చేర్పిస్తే పక్కనే అమ్మ ఉంటుంది. మంచం చాలకపోతే కింద చాప వేసుకుని పడుకుంటుంది. అమ్మమ్మో నాయనమ్మో పూటపూటకీ క్యారియర్ పట్టుకుని వస్తుంది. ఇందులో విశేషం ఏముందని అనిపిస్తుంది మనకు. కానీ 1940ల్లో లండన్‌లోని పేరున్న ఆస్పత్రుల్లో పరిస్థితి వేరు. రెండేళ్ల పాపను వార్డు గుమ్మం దగ్గర నర్సు చేతికిచ్చి తల్లి ఇంటికి వెళ్లిపోవాలి. మళ్లీ చూడాలంటే వారానికి ఒకటి రెండు గంటలు. కొన్ని ఆస్పత్రుల్లో ఆ కాస్త కూడా లేదు. ఇంకొన్నిచోట్ల బిడ్డ నిద్రపోయాక వచ్చి చూసి వెళ్లమనేవారు. మెలకువగా ఉన్నప్పుడు అమ్మ కనిపిస్తే ఏడుస్తుందట!

ఆ నర్సులు, డాక్టర్లు దుర్మార్గులేం కాదు. బయటివాళ్లు వస్తే ఇన్ఫెక్షన్లు వస్తాయని భయం. దానికి తోడు వాళ్ల కళ్లముందు కనిపించేది కూడా అలాగే ఉండేది. బిడ్డ మొదటి రెండు మూడు రోజులు గుక్కపట్టి ఏడుస్తుంది. తర్వాత నెమ్మదిస్తుంది. పెట్టింది తింటుంది, సూది వేసినా ఊరుకుంటుంది. ఆదివారం తల్లి వచ్చి వెళితే మళ్లీ ఏడుపు మొదలు. కాబట్టి తల్లి రాకపోవడమే బిడ్డకు మంచిదని తేల్చేశారు. బిడ్డ కుదురుకుందని చార్టులో రాసేవారు.

అది కుదురుకోవడం కాదు, ఆశ వదులుకోవడం అని చెప్పిన మనిషి జాన్ బౌల్బీ. పిల్లల మనోవైద్యుడు. ఈ రోజు పిల్లల డాక్టర్లు, కౌన్సెలర్లు అటాచ్‌మెంట్ అనే మాట వాడుతున్నారంటే అది ఆయన చలవే.

వెళ్లిపోయిన ఆయా

1907 ఫిబ్రవరి 26న లండన్‌లో పుట్టారు బౌల్బీ. తండ్రి సర్ ఆంథోనీ బౌల్బీ పేరుమోసిన సర్జన్. ఆరుగురు పిల్లల్లో జాన్ నాలుగోవాడు. ఆ కాలంలో ఇంగ్లండ్‌లోని కలిగిన కుటుంబాల్లో పిల్లల్ని పెంచేది ఆయాలే. గారాబం ఎక్కువైతే పిల్లలు చెడిపోతారన్నది పెద్దింటి నమ్మకం. సాయంత్రం టీ అయ్యాక పిల్లల్ని తల్లి దగ్గరికి తీసుకొచ్చేవారు. ఒక గంట గడిచాక మళ్లీ పిల్లల గదికి. రోజులో ఆ గంటే అమ్మతో గడిపే సమయం.

జాన్‌ను ఎత్తుకుని తిప్పింది మిన్నీ అనే పడుచు ఆయా. ఆ బిడ్డకు అసలైన అమ్మ ఆమే అనుకోవాలి. అతనికి నాలుగేళ్లు వచ్చే వేళకు ఆమె పని మానేసి వెళ్లిపోయింది. ఇంట్లో పెద్దలకు అదొక చిన్న మార్పు. ఒకరు పోతే మరొకరు వస్తారు. అలా పెంచిన మనిషి దూరమైతే పసివాడికి తల్లి పోయినంత దెబ్బ తగులుతుందని పెద్దయ్యాక ఆయన రాశారు. పదకొండేళ్లకు అన్నతో పాటు బోర్డింగ్ స్కూలు. ఆ తర్వాత నౌకాదళ కాలేజీ. అది నచ్చక కేంబ్రిడ్జ్‌లో వైద్యవిద్య.

చదువు మధ్యలో కొన్నాళ్లు ఆపి, ఎక్కడా ఇమడలేని పిల్లల కోసం నడిచే ఒక స్కూల్లో పనిచేశారు. అక్కడ ఇద్దరు పిల్లలు ఆయన దారి మార్చేశారు. ఒకడు దొంగతనం చేసి పాత స్కూలు నుంచి గెంటించుకున్న కుర్రాడు. ఎవరితోనూ కలవడు, ఎవరన్నా ప్రేమ లేదు. చిన్నప్పటి నుంచీ తల్లిలా చూసుకున్నవాళ్లు ఒక్కరూ నిలకడగా లేరు. రెండోవాడు ఏడెనిమిదేళ్లవాడు, బౌల్బీ ఎటు వెళ్తే అటు తోకలా వెంట తిరిగేవాడు. ఒకడు మనుషులకు అందనంత దూరం, ఇంకొకడు విడిపించుకోలేనంత దగ్గర. రెండింటికీ మూలం ఒకటేనా అన్న అనుమానం అప్పుడే మొదలైంది.

డాక్టరై, మానసిక విశ్లేషణలోనూ శిక్షణ తీసుకున్నారు. అక్కడ మెలనీ క్లైన్ అనే ప్రసిద్ధ విశ్లేషకురాలి పర్యవేక్షణలో మూడేళ్ల బాబుకు చికిత్స చేయాల్సి వచ్చింది. క్షణం కుదురుగా ఉండని బాబు. బయట గదిలో కూర్చునే తల్లి కూడా అంతకన్నా ఎక్కువ ఆందోళనతో కనిపించేది. ఆమెతో మాట్లాడవద్దన్నది క్లైన్ ఆదేశం, బాబు మనసులోని ఊహలే ముఖ్యమన్నది ఆమె నమ్మకం. కొన్ని నెలలకు ఆ తల్లి మానసిక ఆస్పత్రి పాలైంది. బాబును ఇక తీసుకొచ్చేవాళ్లు లేక చికిత్స ఆగిపోయిందన్న చిరాకు తప్ప, ఆ తల్లికి ఏమైందని అక్కడ ఎవరూ అడగలేదు. బౌల్బీకి అది మింగుడు పడలేదు. బిడ్డ మనసు తెలియాలంటే బిడ్డకు నిజంగా ఏం జరిగిందో చూడాలి కదా అన్నది ఆయన పట్టు.

చూశారు కూడా. లండన్‌లోని పిల్లల క్లినిక్‌కు వచ్చిన 44 మంది దొంగతనాల పిల్లల చరిత్రలు సేకరించి, దొంగతనం అలవాటు లేని మరో 44 మందితో పోల్చారు. మొదటి గుంపులో 17 మంది అయిదేళ్లలోపే తల్లికి, లేదా తల్లిలా చూసినవాళ్లకు నెలల తరబడి దూరమయ్యారు. రెండో గుంపులో అలాంటివాళ్లు ఇద్దరే. 1944లో ఈ పరిశోధన అచ్చయింది. చిన్న అధ్యయనమే, లోపాలూ ఉన్నాయి. పిల్లల్ని పరీక్షించిందీ, విడదీసి లెక్క కట్టిందీ ఆయనే. అయినా దాన్ని తోసిపుచ్చడం కష్టమైంది.

ఈలోగా యుద్ధం వచ్చింది. 1939 సెప్టెంబర్‌లో బాంబుల భయంతో నగరాల నుంచి లక్షలాది పిల్లల్ని పల్లెలకు పంపేశారు. అయిదేళ్లలోపు పిల్లల్ని తల్లులు లేకుండా పంపడం ప్రమాదమని బౌల్బీ మరో ఇద్దరు డాక్టర్లతో కలిసి ఆ డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు ఉత్తరం రాశారు. యుద్ధం ముగిశాక ఇల్లూ వాకిలీ లేని పిల్లల గురించి నివేదిక ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయన్నే అడిగింది. 1951లో ఆ నివేదిక వచ్చింది. ఎదిగే బిడ్డ శరీరానికి విటమిన్లు ఎలాంటివో, మనసుకు తల్లితో, లేదా తల్లి స్థానంలో నిలకడగా ఉండే మనిషితో ఎడతెగని ఆత్మీయత అలాంటిదన్నది దాని సారం.

లారా ఎనిమిది రోజులు

నివేదికలు డాక్టర్లు చదువుతారు, మూసి పక్కన పెడతారు. ఆస్పత్రి తలుపులు కదిలించింది ఒక చిన్న సినిమా. అది తీసింది బౌల్బీ బృందంలోని జేమ్స్ రాబర్ట్‌సన్. ఈయన డాక్టరు కాదు. యుద్ధకాలంలో ఒక శిశు సంరక్షణ కేంద్రంలో బాయిలర్ చూసుకునే పనిలో చేరి, అక్కడ పిల్లల్ని గమనించడం నేర్చుకున్న స్కాట్లాండ్ మనిషి. 1948 నుంచి ఆస్పత్రి వార్డుల్లో కూర్చుని, ఒంటరి పిల్లలు ఏ వరసలో మారతారో రాసుకున్నాడు. మొదట గోల, తర్వాత దిగులు, ఆపైన ఎవరూ అక్కర్లేదన్నట్టు ఒక విముఖత. డాక్టర్లు కుదురుకోవడం అనుకున్నది ఈ మూడో దశనే.

చెబితే ఎవరూ నమ్మలేదు. అందుకే కెమెరా కొన్నాడు. దాన్ని వాడటం అప్పటికి రాదు. బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఉండబోతున్న లారా అనే రెండున్నరేళ్ల లోపు పాపను ముందే, ఏ ఎంపికా లేకుండా తీసుకున్నారు. కావాలని ఏడుపు ఘట్టాలే ఏరుకున్నారన్న మాట రాకుండా రోజూ ఒకే వేళల్లో చిత్రీకరించారు, గోడ గడియారం కూడా కనిపించేలా.

లారా పెద్దగా ఏడవదు. అదే ఆ సినిమాలో గుండె పిండే సంగతి. పెదవి బిగబట్టుకుంటుంది. ఏదో మాట్లాడుతూ మధ్యలో ఉన్నట్టుండి అమ్మ ఏదని అడుగుతుంది. బొమ్మను గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. అమ్మ చూడటానికి వస్తే మొహం తిప్పేసుకుంటుంది. ఇంటికి వెళ్లే రోజు తన సామాన్లన్నీ సర్దుకుని నడుస్తుంది కానీ, అమ్మ చెయ్యి పట్టుకోదు. కొన్ని నెలల తర్వాత ఆ సినిమాలో కొంత భాగం అనుకోకుండా తన కంటపడితే, ఆ రోజుల్లో ఎక్కడికి వెళ్లావని అమ్మను కోపంగా నిలదీసింది. మరిచిపోతుందిలే అనుకున్న బిడ్డ!

1952 నవంబర్‌లో లండన్‌లో వైద్యుల సభలో ప్రదర్శిస్తే చాలామంది మండిపడ్డారు. మామూలు పాపను తీసుకోలేదన్నారు, ఆస్పత్రుల పరువు తీశారన్నారు. నిజానికి న్యూకాసిల్‌లో జేమ్స్ స్పెన్స్ అనే పిల్లల డాక్టరు అప్పటికే చాలా ఏళ్లుగా తల్లుల్ని బిడ్డలతో పాటు వార్డులో ఉండనిస్తున్నారు. ఏ ముప్పూ రాలేదు. అయినా మిగతావాళ్లు కదలడానికి ఏళ్లు పట్టింది. 1959లో ప్రభుత్వ కమిటీ ఒకటి తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూసే వీలుండాలని, అయిదేళ్లలోపు పిల్లలతో తల్లి ఉండేలా చూడాలని సిఫారసు చేసింది. ఆ తర్వాత కూడా వార్డుల తలుపులు తెరిపించడానికి తల్లులే సంఘం కట్టాల్సి వచ్చింది.

పాల కోసమా, ప్రేమ కోసమా?

బిడ్డకు తల్లి అంటే ఎందుకంత ప్రాణం? పాలిస్తుంది కాబట్టి అన్నది అప్పటి శాస్త్రం. బౌల్బీకి ఈ జవాబు నచ్చలేదు. పుట్టగానే కనిపించిన కదిలే జీవి వెంట నడిచే బాతు పిల్లల గురించి చదివారు. వాటికి ఎవరూ పాలివ్వరు. అమెరికాలో హ్యారీ హార్లో కోతిపిల్లలకు రెండు బొమ్మ తల్లుల్ని ఇచ్చాడు. ఒకటి పాలసీసా ఉన్న తీగబొమ్మ, రెండోది మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మ. పిల్లలు పాలు తాగి వచ్చి గుడ్డబొమ్మనే కరుచుకున్నాయి. ఆకలి ఎంత సహజమో, భయం వేసినప్పుడు తనవాళ్లను అంటిపెట్టుకోవడం కూడా అంత సహజమని బౌల్బీ తేల్చారు. ఈ మాట చెబితే సొంత గురువర్గమే ఆయన్ని దాదాపు వెలివేసినంత పని చేసింది. 1969 నుంచి 1980 దాకా మూడు పెద్ద సంపుటాలు రాసి తన వాదాన్ని నిలబెట్టుకున్నారు.

దీన్ని ఇళ్లలోకి వెళ్లి పరీక్షించింది ఆయన సహచరి మేరీ ఐన్స్‌వర్త్. మొదట ఉగాండా పల్లెల్లో, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో. పెళ్లి ఇంట్లో పాకే బిడ్డను గమనించండి. అమ్మ ఒడి దిగి నాలుగడుగులు పోతుంది, వెనక్కి తిరిగి చూస్తుంది, అమ్మ కనబడితే ఇంకాస్త దూరం వెళ్తుంది. అమ్మ ఉందన్న ధీమాయే ఆ బిడ్డను లోకంలోకి పంపుతోంది. మన ఇళ్లలో ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే అదే అలవాటవుతుందని పెద్దలు హెచ్చరిస్తుంటారు. మొదటి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల బిడ్డలు, ఏడాది నిండేసరికి తక్కువ ఏడ్చారని బాల్టిమోర్ పరిశీలనలో తేలింది. దీనిమీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. నాకైతే బిడ్డను ఎత్తుకునే చేతుల మీదే నమ్మకం ఎక్కువ.

తల్లుల మీద పడ్డ నింద

బౌల్బీ కీర్తికి ఒక మచ్చ కూడా ఉంది. ఆయన పేరు చెప్పి ఉద్యోగాలు చేసే తల్లుల్ని తప్పుపట్టడం మొదలైంది. ఇందులో ఆయన బాధ్యత లేకపోలేదు. తొలి రాతల్లో తల్లి అన్న మాట మీదే బరువంతా వేశారు, చిన్నపిల్లల్ని రోజంతా క్రెష్‌లో ఉంచడం ఆయనకు ఎప్పుడూ నచ్చలేదు. అయితే తల్లి స్థానంలో మరొకరు నిలకడగా ఉండవచ్చనీ, తల్లిదండ్రులకు చుట్టూ ఉన్నవాళ్ల సాయం అందాలనీ అదే నివేదికలో ఉంది. జనం తమకు కావలసిన ముక్కే తీసుకున్నారు.

క్షయ ఆస్పత్రిలో నెలల తరబడి ఉండి వచ్చిన 60 మంది పిల్లల్ని ఆయన బృందం పరీక్షించింది. చాలామంది అనుకున్నంతగా దెబ్బతినలేదు. తన మునుపటి మాటలు అతిశయోక్తి అయ్యాయని 1956లో బౌల్బీ స్వయంగా ఒప్పుకున్నారు. పేరు ప్రతిష్ఠలు వచ్చాక అలా ఒప్పుకునేవాళ్లు అరుదు. 1972లో మైకేల్ రట్టర్ అనే మనోవైద్యుడు ఇంకొంత స్పష్టత ఇచ్చాడు. బిడ్డ ఒకరికన్నా ఎక్కువ మందితో గట్టి బంధం పెంచుకోగలదు. కొన్నాళ్ల ఎడబాటు కన్నా ఇంట్లో నిత్యం జరిగే కొట్లాటే ఎక్కువ హాని చేయొచ్చు.

రాబర్ట్‌సన్ దంపతులు మరో దారి చూపారు. తల్లి ఆస్పత్రిలో చేరితే ఆ పసిబిడ్డను తమ ఇంట్లో ఉంచుకుని చూసుకున్నారు. ముందుగానే పరిచయం పెంచుకున్నారు, ఇంటి అలవాట్లు కనుక్కున్నారు, అమ్మ ఫొటో చూపిస్తూ ఆమె గురించి మాట్లాడుతూ ఉన్నారు. ఆ పిల్లలు చాలావరకు తట్టుకున్నారు. ఆయాలు మారిపోతూ ఉండే శిశు నిలయంలో తొమ్మిది రోజులు గడిపిన ఏడాదిన్నర బాబు మాత్రం కుదేలయ్యాడు. విదేశాల్లో ఉద్యోగం చేసే కూతురి బిడ్డను ఇక్కడ పెంచి, రెండేళ్లకు విమానం ఎక్కించే అమ్మమ్మలు మనలో ఎందరో. ఆ బిడ్డకు అప్పుడు దూరమయ్యేది అమ్మమ్మ. ముందు నుంచీ రోజూ అమ్మానాన్నల మాట, మొహం అలవాటు చేసి, అక్కడికి వెళ్లాక అమ్మమ్మ ఊసు ఆపకుండా ఉంటే ఆ దారం తెగదు.

ఇంట్లో బౌల్బీ ఎలా ఉండేవారు? భార్య ఉర్సులా, నలుగురు పిల్లలు. పిల్లల్ని పెంచింది ఎక్కువగా ఆమే. నాన్న దొంగా అని కొడుకు ఒకసారి అడిగాడట. చీకటి పడ్డాకే ఇంటికి వస్తాడు, చేసే పని గురించి ఒక్క మాటా చెప్పడు మరి!

చివరి ఏళ్లలో ఆయన చార్లెస్ డార్విన్ జీవితం రాశారు. డార్విన్‌కు ఎనిమిదేళ్లప్పుడు తల్లి చనిపోయింది. ఇంట్లో ఆమె ప్రస్తావనే రానిచ్చేవారు కాదు. జీవితమంతా ఆయన్ని వేధించిన అంతుచిక్కని అనారోగ్యానికి, పైకి చెప్పుకోలేకపోయిన ఆ దుఃఖం ఒక కారణమని బౌల్బీ వాదించారు. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే, 1990 సెప్టెంబర్ 2న, ఏటా సెలవులు గడిపే స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో 83 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అక్కడే కొండ మీది శ్మశానంలో ఆయన్ని ఖననం చేశారు.