శివారు రైతును మరువని మోక్షగుండం విశ్వేశ్వరయ్య

కాలువ మొదట్లో ఉన్న మడి పొంగి పొర్లుతుంటే శివారు మడి బీటలు వారడం మన రైతాంగానికి కొత్త సంగతి కాదు. రెవెన్యూ, నీటిపారుదల శాఖలలో పనిచేసి పదవీ విరమణ చేసిన మన సభ్యులకు ఈ తగాదాలు బాగా తెలిసినవే. ఆనకట్టలు కట్టిన మహనీయుడుగానే మనకు తెలిసిన సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు కట్టిన ఆనకట్ట నీటిని న్యాయంగా పంచడానికి కూడా ఒక పద్ధతిని రూపొందించారు. ఆయన జీవితంలోని ఆ భాగాన్ని ఈ ప్రత్యేక సంచికలో పాఠకుల ముందు ఉంచుతున్నాము.

విశ్వేశ్వరయ్యగారు 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలో చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లి గ్రామంలో జన్మించారు. వారి పూర్వీకులది మన బెస్తవారిపేట సమీపంలోని మోక్షగుండం. ఊరి పేరే ఇంటిపేరు అయింది. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. తండ్రి శ్రీనివాస శాస్త్రిగారు సంస్కృత పండితులు. తండ్రి చిన్నతనంలోనే గతించడంతో పేదరికం మధ్యనే చదువు సాగింది. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో పట్టభద్రులై, మైసూరు ప్రభుత్వ సహాయంతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం వేసినది వీరే. సింధునది నీరు బురదమయం. వడపోత తొట్లు కట్టేందుకు పురపాలక సంఘం వద్ద సొమ్ము లేదు. అప్పుడు నది గర్భంలో ఇసుక అడుగున బావి దింపి, ఇసుకే వడపోసి ఇచ్చిన ఊటనీటిని పట్టణానికి ఎక్కించారు.

1899 ప్రాంతంలో పూనా జిల్లా నీటిపారుదల బాధ్యతలు వీరికి అప్పగించారు. దక్కను కాలువలు కరువు నివారణకు తవ్వినవి. కాని వాటి కింద వింత పరిస్థితి ఉండేది. వానలు బాగా పడిన ఏడు నీరు అడిగే నాథుడు ఉండడు. వానలు ముఖం చాటేసిన ఏడు అందరూ ఒక్కసారి అడుగుతారు. కాలువ మొదట్లో ఉన్న కలిగిన రైతులు ఏటేటా చెరకు వేసి, పైరుకు కావలసిన దానికంటే ఎక్కువ నీరు పారించేవారు. ఆ భూములు ఊటెక్కి చెడిపోయేవి. దోమలు, మలేరియా ప్రబలేవి. దిగువ గ్రామాలకు మాత్రం చుక్క అందేది కాదు. ప్రభుత్వానికి నీటి తీరువా రాబడి కూడా అంతంతమాత్రమే.

దీనికి విరుగుడుగా ఆయన బ్లాకు పద్ధతిని ప్రతిపాదించారు. ఆయకట్టును చిన్న చిన్న బ్లాకులుగా విభజించాలి. ఒక్కొక్క బ్లాకులో మూడో వంతు భూమికి మాత్రమే చెరకు వంటి ఏడాది పొడుగునా నీరు తాగే పైరుకు నీరు ఇవ్వాలి. మిగిలిన భూమిలో తక్కువ నీటితో పండే పైర్లు వేయాలి. ఏటేటా ఈ వంతు మారుతూ ఉంటుంది. కొన్నేళ్లకు ముందే ఒప్పందం కుదురుతుంది గనుక తనకు ఎంత నీరు, ఎప్పుడు వస్తుందో రైతుకు ముందుగానే తెలుస్తుంది. ఇలా ఒకటి రెండు గ్రామాలు అనుభవిస్తున్న నీరు అనేక గ్రామాలకు చేరుతుంది.

నీటిని వంతులలోకి తెచ్చినప్పుడు పై రైతులు ఊరుకోలేదు. పత్రికలలో విమర్శలు వచ్చాయి. విశ్వేశ్వరయ్యగారు అధికార దర్పంతో అణచబోలేదు. రైతులను కూర్చోబెట్టి, పైరుకు నిజంగా ఎంత నీరు అవసరమో లెక్కలతో వివరించి ఒప్పించారు. నీరా కాలువ మొదలైన చోట్ల బ్లాకు పద్ధతి అమలులోకి వచ్చింది. ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన అమర్చిన స్వయంచాలక తలుపులు, కట్ట ఎత్తు పెంచకుండానే నిల్వ పెంచాయి.

1908లో పింఛను తీసుకుని స్వచ్ఛందంగా ఉద్యోగం విరమించారు. అప్పటికి వయస్సు 47 సంవత్సరాలు. ఆ సంవత్సరం సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. నిజాం ప్రభుత్వం కోరగా 1909లో వచ్చి, నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలని సలహా ఇచ్చారు. ఆ సలహా ఫలితమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. తరువాత మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా, 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. 1911లో ఆరంభమైన కృష్ణరాజసాగరం వారి కృషి ఫలమే. 1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్లు నిండిన తరువాత 1962 ఏప్రిల్‌లో పరమపదించారు. వారి జన్మదినాన్ని దేశమంతటా ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాము.

ఆనాడు కాలువ నీటికి వచ్చిన చిక్కే తరువాతి కాలంలో భూగర్భ జలానికి వచ్చింది. భూమి ఎవరిదైతే దాని అడుగునీరు వారిదే అనే పాత భావనతో, లోతైన బోరు వేయగల వాడు తోడుకుంటే పక్కవాడి బావి ఎండిపోతున్నది. కాలువల కింద రైతులే నీటి సంఘాలుగా ఏర్పడేందుకు 1997లో, భూగర్భ జలం తోడకాన్ని అదుపు చేసేందుకు 2002లో మన రాష్ట్రంలో చట్టాలు వచ్చాయి. రెండవ దానినే వాల్టా చట్టమంటాము. దాని ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపున ఇతర అవసరాలకు కొత్త బావి తవ్వరాదు. ఈ నియమం ఎన్ని ఊళ్లలో అందరికీ తెలుసు?

చట్టం కాగితం మీద ఉంటే చాలదనీ, ఎదురు చెప్పే రైతుకు కూడా లెక్క చూపి ఒప్పించాలనీ విశ్వేశ్వరయ్యగారి జీవితం నేర్పుతున్నది. స్వగ్రామాలలో స్థిరపడిన మన సభ్యులకు ఫైళ్లూ తెలుసు, రైతుల కష్టమూ తెలుసు. ఊరిలో కొత్త బోరు మాట వచ్చినప్పుడు నలుగురిని కూర్చోబెట్టి ఆ నియమం చెప్పగల పెద్దరికం వారికి ఉన్నది. ఆయన ఘనకార్యాలలో ఎన్నో పింఛను పుచ్చుకున్న తరువాత చేసినవేనని మనం మరువరాదు.