కుమారి ఎగ్లంటైన్ జెబ్

రోగియైన బిడ్డకు మందిచ్చుట పుణ్యకార్యమని పెద్దలు చెప్పగా మనమందఱము వినియున్నాము. ఆ మందు బిడ్డకు హక్కుగా చెందవలసినదని లోకమునకు చాటిన స్త్రీ యొకతె యుండెను. ఆమె చరిత్రమును మా తోడి విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఎగ్లంటైన్ జెబ్ 1876వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన ఇంగ్లండునందలి ష్రాప్‌షైరు మండలమున జన్మించెను. ఆక్సుఫర్డునందలి లేడీ మార్గరెట్ హాలులో చరిత్రము నభ్యసించి, కొంతకాలము మార్ల్‌బరో పట్టణమున ఉపాధ్యాయినిగా నుండెను. పసిపిల్లలకు బోధించుట తన స్వభావమునకు సరిపడదని యెఱిగి యా పని విడిచెను. పిదప కేంబ్రిడ్జి నగరమున బీదల స్థితిగతులను పరిశీలించి 1906లో నొక గ్రంథమును ప్రకటించెను. 1913లో బాల్కను యుద్ధ పీడితులకు సాయపడుటకై మాసిడోనియాకు పోయెను.

మొదటి ప్రపంచ యుద్ధము 1918 నవంబరులో నిలిచిపోయెను. అయినను ఓడిన దేశములకు ఆహారము గొనిపోవు నోడలను మిత్రరాజ్యములు వెంటనే విడువలేదు. వియన్నా నగరమున పాలు లేక బిడ్డల యెముకలు వంగిపోయెను, క్షయ ప్రబలెను. జెబ్ కుమారియు, ఆమె చెల్లెలు డొరొతీ బక్స్‌టనును ఈ సంగతిని స్వదేశీయులకు తెలుప బూనిరి. 1919 ఏప్రిలులో జెబ్ లండను నగరపు ట్రఫాల్గరు స్క్వేరులో, ఆకలిచే కృశించిన యొక బిడ్డ చిత్రము గల కరపత్రములను పంచెను. అనుమతి లేని పత్రములను పంచెనని ఆమెను నిర్బంధించి 5 పౌనులు జరిమానా విధించిరి. ఆమెకు ప్రతిగా వాదించిన ప్రభుత్వ న్యాయవాదియే ఆ మొత్తమును తన సొంత ధనమునుండి యిచ్చెనని చెప్పుదురు. ఆ మే నెల 19వ తేదీన ఆల్బర్టు హాలులో జరిగిన సభలో సేవ్ ది చిల్డ్రన్ ఫండు ప్రారంభమయ్యెను. శత్రువుల బిడ్డలకు సాయమేల యని కోపించినవారును లేకపోలేదు. 1921లో రష్యాయందు క్షామము రాగా ఈ సంఘము సరాటోవ్ ప్రాంతమున పిల్లలకు భోజనశాలలు నడిపెను.

దానము దాత మనస్సును బట్టి యుండును. దాత కోపించిన నాడు, మఱచిన నాడు, బిడ్డ గతి యేమి? ఇన్ని యేండ్లు చందాలు పోగుచేసిన యామెకే ఈ లోపము బాగుగా తెలిసియుండునని మాకు తోచుచున్నది. 1923లో జెనీవాయందు ఆమె బాలల హక్కుల ప్రకటనను ఐదు అంశములుగా రచించెను. ఆకలిగొన్న బిడ్డకు అన్నము, రోగియైన బిడ్డకు చికిత్స, అనాథకు ఆశ్రయము కల్పింపవలెననియు, ఆపత్కాలమున మొదటి సాయము బిడ్డలకే అందవలెననియు అందు విధించెను. 1924 సెప్టెంబరు 26వ తేదీన నానాజాతి సమితి దాని నంగీకరించెను.

చిరకాలము కంఠగ్రంథి వ్యాధిచే బాధపడిన జెబ్, 1928 డిసెంబరు 17వ తేదీన జెనీవాలో మరణించెను. అప్పటికి ఆమె వయస్సు 52 ఏండ్లు.

ఆమె ప్రకటనకు చట్టబలము లేదు. 1959లో ఐక్యరాజ్యసమితి చేసిన ప్రకటనకును అట్టి బలము లేకపోయెను. 1989 నవంబరు 20వ తేదీన వెలువడిన బాలల హక్కుల ఒడంబడిక మాత్రము దాని నంగీకరించిన ప్రభుత్వములను బద్ధులను చేసినది. అందలి 24వ అధికరణము ప్రతి బిడ్డకును ఆరోగ్యమును, చికిత్సను హక్కుగా నిర్ణయించి, శిశుమరణములను తగ్గించుట, శుభ్రమైన నీరును పుష్టికరమైన ఆహారమును సమకూర్చుట, తల్లులకు ప్రసవమునకు ముందును పిమ్మటను వైద్యము నందించుట ప్రభుత్వముల విధులని తెలుపుచున్నది. భారతదేశము 1992 డిసెంబరు 11వ తేదీన దీనిలో చేరెను.

కావున జ్వరపు బిడ్డ నెత్తుకొని ఆసుపత్రి వాకిట నిలిచిన తల్లిని మనము యాచకురాలిగా చూడరాదు. ఆమె తన బిడ్డకు రావలసినదానినే అడుగుచున్నది. బిడ్డలు తమ శక్తులను తోడివారి సేవకు వినియోగించునట్లు పెంపబడవలెనని జెబ్ తన ప్రకటనలో కడపటి అంశముగా వ్రాసెను. ఆ మాట మనలను గూర్చినదే. మనలో వైద్యులు, ఉపాధ్యాయులు, అధికారులు కాగలవారు దీనిని మఱవకుందురు గాక.