లారీ షాఫ్టులో నిలిచిన పేరు – కార్డానో

మన హాస్టల్ విద్యార్థుల ఇళ్ళలో లారీ డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు చాలామందే ఉన్నారు. దారిలో చెడిపోయిన లారీని ఇంకో బండికి కట్టి ఇంటికి లాక్కురావలసి వస్తే తెలిసిన మెకానిక్కు ముందుగా వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు విప్పుతాడు. న్యూట్రల్‌లో పెడితే చాలదా అని కొందరికి సందేహం. చాలదు. వెనుక చక్రాలు నేల మీద దొర్లుతుంటే షాఫ్టు తిరుగుతుంది. దానితో గేరుబాక్సులోని మెయిన్ షాఫ్టు కూడా తిరుగుతుంది. కానీ అడుగునున్న ఆయిలును పైకి చిమ్మే కౌంటర్ షాఫ్టు ఇంజను నడిస్తేనే తిరుగుతుంది. ఇంజను ఆగి ఉంటే బుష్షులు, బేరింగులు ఆయిలు అందక వేడెక్కి పాడైపోతాయి. చిన్న రిపేరు కాస్తా పెద్ద ఖర్చు అవుతుంది.

అందుకే చక్రాల కింద దిమ్మెలు పెట్టి, షాఫ్టు మీద గుర్తులు పెట్టుకుని, బోల్టులు విప్పి దాన్ని దించుతారు. దిమ్మెలు తప్పనిసరి. షాఫ్టు విప్పాక గేరులో ఉన్నా బండి ఆగదు, దొర్లిపోతుంది. ఆ షాఫ్టు చివర 'క్రాసు' అని మనవాళ్ళు పిలిచే జాయింటు ఉంటుంది. ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, రష్యా దేశాల్లో ఈ జాయింటును, షాఫ్టును 'కార్డాన్' పేరుతోనే పిలుస్తారు. ఆ పేరు ఇటలీకి చెందిన జెరోలామో కార్డానోది.

కార్డానో 1501లో పావియా పట్టణంలో పుట్టారు. తండ్రి ఫాజియో న్యాయవాది, గణితం బాగా తెలిసినవాడు. తల్లి కియారా. కార్డానో పుట్టేనాటికి వారిద్దరికీ పెళ్ళి కాలేదు. పసితనంలోనే ప్లేగు సోకినా బతికి బయటపడ్డారు. తండ్రి దగ్గర లెక్కలు నేర్చుకుని, పావియాలో, తర్వాత పాదువాలో వైద్యం చదివి పట్టా పొందారు.

పట్టా చేతికొచ్చినా తలుపులు తెరుచుకోలేదు. మిలాన్ నగరంలో వైద్యం చేయాలంటే అక్కడి వైద్యుల సంఘంలో సభ్యత్వం ఉండాలి. పెళ్ళి కాని తల్లిదండ్రుల బిడ్డ అన్న కారణంతో ఆ సంఘం ఆయనను చేర్చుకోలేదు. చదువు చూడలేదు, పుట్టుక చూసింది. పుట్టుక పేరు చెప్పి మనిషిని గుమ్మం దగ్గర ఆపేయడం అంటే ఏమిటో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

సాకో అనే చిన్న ఊళ్ళో వైద్యం చేస్తూ 1531లో లుచియాను పెళ్ళి చేసుకున్నారు. ఆదాయం చాలలేదు. జూదం వ్యసనం ఉండేది. భార్య నగలు, ఇంటి సామాను తాకట్టు పెట్టి, చివరకు మిలాన్‌లో అనాథ శరణాలయంలో తలదాచుకున్నారు. 1534లో మిలాన్‌లో గణితం బోధించే చిన్న ఉద్యోగం దొరికింది. 1536లో ఆనాటి వైద్యుల తప్పుడు పద్ధతులను విమర్శిస్తూ పుస్తకం రాశారు. ఆయన చేతి చలవతో రోగులు కోలుకుంటుంటే ఇక కాదనలేక సంఘం 1539లో చేర్చుకుంది. తర్వాత ఆయన పేరు దేశాలు దాటింది. 1552లో స్కాట్లండ్ వెళ్ళి ఆర్చిబిషప్ హామిల్టన్ ఉబ్బసానికి వైద్యం చేశారు. ఈకల పరుపు మాన్పించడం అందులో ఒక భాగం.

1545లో వెలువడిన 'ఆర్స్ మాగ్నా' గ్రంథంలో మూడవ, నాలుగవ ఘాతాల సమీకరణాల సాధన ఉంది. మూడవ ఘాతం పద్ధతిని టార్టాగ్లియా రహస్యంగా ఉంచమని ఒట్టు వేయించుకుని చెప్పాడు. దాన్ని ప్రకటించినందుకు ఆయనకు జీవితాంతం శత్రువయ్యాడు. అయితే కార్డానో పుస్తకంలో ఎవరి కృషి ఎవరిదో పేర్లతో రాశారు. నాలుగవ ఘాతాన్ని సాధించింది ఫెరారీ. పద్నాలుగేళ్ళ వయసులో కార్డానో ఇంటికి పనివాడిగా వచ్చిన కుర్రవాడు. అతని తెలివి గమనించి కార్డానోయే చదువు చెప్పారు.

1550లో వచ్చిన మరో గ్రంథంలో ఆయన ఒక అమరికను వివరించారు. ఒకదానిలో ఒకటి అడ్డంగా తిరిగే వలయాల మధ్య కుర్చీ బిగిస్తే, గతుకుల దారిలో కూడా అది ఒరగదు. దీన్ని తానే కనిపెట్టానని ఆయన చెప్పుకోలేదు. చైనాలో ధూపపాత్రలకు ఇటువంటి వలయాలు చాలా పూర్వమే ఉన్నాయి. అయినా ఆయన పేరే స్థిరపడింది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ ఈ సూత్రంతో, కోణంలో ఉన్న రెండు కడ్డీలను కలిపి తిప్పే జాయింటును వాడారు. 1898లో లూయీ రెనో తన మొదటి కారులో గొలుసుకు బదులు షాఫ్టు పెట్టారు.

కమాను కట్టల మీద హౌసింగు పైకీ కిందికీ ఊగుతున్నా షాఫ్టు ఆగకుండా తిరగడం ఈ క్రాసుల వల్లనే. ఒక్క క్రాసు ఉంటే కోణం వల్ల ప్రతి చుట్టులో వేగం పెరిగి తగ్గుతుంది. రెండో క్రాసు ఆ తేడాను సరిచేస్తుంది. రెండూ సరైన వరుసలో ఉంటేనే అది జరుగుతుంది. విప్పేముందు గుర్తు పెట్టడం అందుకే. గుర్తు తప్పి బిగిస్తే బండి వణుకుతుంది, క్రాసులు త్వరగా పోతాయి.

కార్డానో చివరి రోజులు సుఖంగా గడవలేదు. భార్యకు విషం పెట్టిన నేరానికి పెద్ద కొడుకుకు 1560లో మరణశిక్ష పడింది. 1570లో మత న్యాయస్థానం ఆయనను జైలులో పెట్టింది. విడుదలయ్యాక రోమ్ చేరి, తన జీవితకథ రాసుకుని, 1576లో కన్నుమూశారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కార్డానోలో లోపాలున్నాయి. జూదాన్ని మనం నేర్చుకోనక్కరలేదు. గుమ్మం దగ్గర ఆపినా చదువు వదలకపోవడం, ఇంట్లో పనిచేసే పిల్లవాడికి చదువు చెప్పడం నేర్చుకుందాం. ఈ సెలవుల్లో లారీ పని చేసే అన్ననో మామనో ఆ క్రాసు చూపించమనండి. గుర్తు ఎక్కడ పెట్టాలో ఆయన మీకు చెబుతాడు. కార్డానో ఎవరో మీరు ఆయనకు చెప్పండి.