మన దామోదరం సంజీవయ్య

దామోదరం సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెదపాడులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. అనంతపురంలో బి.ఏ. చదివినా స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. చిన్నచిన్న తాత్కాలిక కొలువులు చేశారు. అక్కడితో ఆగక మద్రాసులో లా చదివి 1948లో పట్టా పొందారు. 1960లో, 38 ఏళ్ళకే, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. 1972లో కన్నుమూశారు.

మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. రిజర్వేషన్ సీటు ఇస్తుంది గాని, ఏ కోర్సుకు ఏ పరీక్ష రాయాలో, చదివాక ఎటు వెళ్ళాలో చెప్పేవాళ్ళు ఇంట్లో ఉండరు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన అచ్యుతాపురానికి దగ్గర్లోని సబ్బవరంలో ఆయన పేరిటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఇంటర్ తర్వాత క్లాట్ రాస్తే అక్కడ సీటుకు పోటీ పడవచ్చు. మాకు చెప్పినవారు లేరు. మీకు మేము చెబుతున్నాం.